ఆక్టావియా ఆర్ఎస్‌తో నాలుగేళ్లు: వెనక సీటు మెచ్చిన సెట్టింగులు

కారు కొన్న రోజు వెనక సీటు ఖాళీ. ఇప్పుడు అక్కడ ఒక పక్క పాప సీటు, ఇంకో పక్క అమ్మ. నాలుగేళ్లు, 62 వేల కిలోమీటర్ల తర్వాత నా స్కోడా ఆక్టావియా ఆర్ఎస్ (ఆక్టావియాలో స్పోర్టీ వెర్షన్) గురించి రాయాలనిపించడానికి కారణం అదే. రెండు లీటర్ల టర్బో పెట్రోల్ ఇంజిన్, 245 పీఎస్, 370 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ, అంటే రెండు క్లచ్‌ల ఆటోమేటిక్ గేర్‌బాక్స్. ఈ అంకెల గురించి రాసినవాళ్లు చాలామంది ఉన్నారు. ఇంటిల్లిపాదీ ఎక్కే బండిగా దీన్ని ఎలా మార్చుకున్నాను, ఏవేవి పెట్టించి మళ్లీ తీసేశాను అన్నదే నేను చెప్పాలనుకుంటున్నది.

మొదటి ఆరు నెలలూ స్పోర్ట్ మోడ్‌లోనే తిరిగాను. అందులో స్టీరింగ్, సస్పెన్షన్, గేర్‌బాక్స్ అన్నీ ఒక్కసారిగా బిగుసుకుంటాయి. గేర్‌బాక్స్ కింది గేరును వదలదు, లోపల ఇంజిన్ శబ్దం పెరుగుతుంది. ఒక్కడినే ఖాళీ రోడ్డు మీద వెళ్తుంటే ఇంతకంటే ఏం కావాలి అనిపిస్తుంది. ఒకసారి దూర ప్రయాణంలో అమ్మ వెనక నుంచి, "ఏరా, బ్రేకు కాస్త మెల్లగా వెయ్యకూడదూ? మెడ పట్టేస్తోంది" అంది. నిజానికి నేను బ్రేకు ముట్టుకోలేదు. యాక్సిలరేటర్ మీద నుంచి కాలు తీసినప్పుడల్లా కింది గేరులో ఉన్న ఇంజిన్ బండిని వెనక్కి లాగుతోంది. డ్రైవరుకు అది ముందే తెలుసు కాబట్టి ఒళ్లు సర్దుకుంటుంది. వెనక కూర్చున్నవాళ్లకు తెలియదు.

ఆ సాయంత్రమే ఇండివిడ్యువల్ మోడ్ తెరిచాను. ఈ కారులో నాకు అన్నిటికంటే నచ్చింది అదే. ఒక్కో భాగాన్నీ విడివిడిగా పెట్టుకోవచ్చు. స్టీరింగ్‌ను స్పోర్ట్‌లోనే ఉంచాను, ఎందుకంటే ఆ బరువు నా చేతులకే తెలుస్తుంది, వెనకవాళ్లకు దానితో పని లేదు. ఇంజిన్, గేర్‌బాక్స్ నార్మల్‌లో. సస్పెన్షన్ మెత్తదనాన్ని మార్చే డీసీసీ స్లైడర్‌ను కంఫర్ట్ వైపు దాదాపు చివరిదాకా జరిపాను. లోపలి ఇంజిన్ శబ్దం బాగా తగ్గించాను. పాప నిద్రకు అదొక్కటే పెద్ద తేడా చేసింది. అన్నిటికంటే ఆలస్యంగా అర్థమైంది మాత్రం అడాప్టివ్ క్రూజ్ సెట్టింగ్, అంటే ముందు బండిని బట్టి వేగాన్ని తనే సర్దుకునే ఏర్పాటు. ముందు బండి కదలగానే మన బండి ఎంత ఆత్రంగా వేగం అందుకోవాలో అది కూడా ఈ మోడ్ మీదే ఆధారపడుతుంది. స్పోర్ట్‌లో ఉంటే ఎగిరి వెంటపడుతుంది. దాన్ని ఎకోకి మార్చి, ముందు బండికీ మనకీ మధ్య దూరం ఒక మెట్టు పెంచాక అమ్మ మెడ నొప్పి మాట మళ్లీ ఎత్తలేదు.

ఓవర్‌టేక్ చెయ్యాల్సి వస్తే గేరు సెలెక్టర్‌ను ఒకసారి వెనక్కి లాగితే గేర్‌బాక్స్ ఎస్ (స్పోర్ట్)లోకి వెళ్తుంది, పని అయ్యాక మళ్లీ లాగితే డీ (మామూలు డ్రైవ్)లోకి వస్తుంది. సస్పెన్షన్ మాత్రం మెత్తగానే ఉంటుంది. అందుకే స్పోర్ట్ మోడ్ ఇప్పుడు నేను ఒక్కడినే వెళ్లే రోజుల కోసం మిగిలింది. ఇంకో మాట. బండి ఆగాక బ్రేకును తనే పట్టి ఉంచే ఆటో హోల్డ్ ట్రాఫిక్‌లో వరం, కాలికి విశ్రాంతి. పార్కింగ్‌లో మాత్రం ఆఫ్ చేసుకోండి. అంగుళం అంగుళం జరపాల్సిన చోట అది బండిని ఆపి పట్టుకుంటే, వదిలించడానికి యాక్సిలరేటర్ నొక్కాల్సి వస్తుంది, అప్పుడు బండి చిన్న కుదుపుతో కదులుతుంది. గోడ దగ్గర అది ప్రమాదం.

ఇక చక్రాలు. బాధపడి నేర్చుకున్నది ఇక్కడే. నా కారు 18 అంగుళాల చక్రాలతో, 225/45 టైర్లతో (వెడల్పు 225 మిల్లీమీటర్లు, పక్కగోడ ఎత్తు అందులో 45 శాతం) వచ్చింది. మొదటి ఏడాదిలోనే 19 అంగుళాలవి, 225/40 టైర్లతో వేయించాను. చూడటానికి ఎంత బాగుండేదో! టైరుతో కలిపి చక్రం వ్యాసంలో తేడా 3 మిల్లీమీటర్ల లోపే, కాబట్టి స్పీడోమీటర్‌కు ఇబ్బంది లేదు. నేను లెక్కలోకి తీసుకోనిది టైరు పక్కగోడ. 18 అంగుళాల టైరులో అది 101 మిల్లీమీటర్లు, 19లో 90. పదకొండు మిల్లీమీటర్ల రబ్బరు పోయి, ఆ మేరకు లోహం వచ్చింది. అసలే ఆర్ఎస్ మామూలు ఆక్టావియా కంటే 15 మిల్లీమీటర్లు కిందకు ఉంటుంది. డీసీసీని ఎంత మెత్తగా పెట్టినా పదునైన అంచులున్న గుంతలో దెబ్బ నేరుగా సీటుకు వచ్చేది. సస్పెన్షన్ పెద్ద ఎగుడుదిగుడులను మింగుతుంది, చిన్న పదునైన దెబ్బలను మింగాల్సింది టైరే. ఎనిమిదో నెలలో ఒక గుంత దెబ్బకు ముందు టైరు పక్కగోడ మీద బుడిపె లేచింది. లోపలి తాళ్లు తెగితే అలా ఉబ్బుతుంది. దానికి రిపేరు ఉండదు, టైరు మార్చాల్సిందే. 19 అంగుళాల సెట్టు మొత్తం తీసేసి పాత 18కే వచ్చేశాను. పాప పుట్టడానికి రెండు నెలల ముందు తీసుకున్న ఆ నిర్ణయం ఈ కారు విషయంలో నేను చేసిన మంచి పని.

చక్రాలు మార్చినప్పుడు చాలామంది మరిచిపోయేది టైర్ ప్రెషర్ సెట్టింగ్. ఈ కారులో చక్రం లోపల గాలి కొలిచే సెన్సర్ ఉండదు. గాలి తగ్గిన టైరు వ్యాసార్థం కొంచెం తగ్గి, మిగతావాటికంటే వేగంగా తిరుగుతుంది. ఆ తేడాను చక్రాల వేగం కొలిచే ఏబీఎస్ సెన్సర్లతో పట్టుకుని కారు హెచ్చరిస్తుంది. అందుకే గాలి కొట్టించాక స్క్రీన్‌లో సెట్ నొక్కి, ఇదీ సరైన స్థితి అని కారుకు నేర్పాలి. గాలి తక్కువగా ఉన్నప్పుడు వార్నింగ్ పోవాలని సెట్ నొక్కితే అదే సరైనదని నేర్చుకుంటుంది. చల్లటి టైర్లకు గేజ్‌తో కొలిచి, ఆ తర్వాతే నొక్కండి. నిండా జనం, సామాను ఉన్నప్పటి ప్రెషర్ వేరుగా ఉంటుంది, కారు మీది ప్రెషర్ స్టిక్కర్‌లో రెండూ రాసి ఉంటాయి.

యాక్సెసరీల్లో డాష్‌క్యామ్ (రోడ్డును రికార్డు చేసే కెమెరా) అనుభవం విడిగా చెప్పాలి. బిగించినతను పని బాగా చేశాడనే అనుకున్నాను, వైరు ఎక్కడా కనిపించలేదు. మూడో వారంలో ఒక ఉదయం పాపను డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాల్సి ఉండగా బ్యాటరీ చచ్చిపోయింది. ఆ టెన్షన్ నాకు ఇంకా గుర్తే. విప్పి చూస్తే, ఎప్పుడూ కరెంటు ఉండే ఫ్యూజు నుంచి నేరుగా లైన్ తీశాడు, వోల్టేజ్ తగ్గితే ఆపే కిట్ లేదు. పార్కింగ్ రికార్డింగ్ రాత్రంతా నడిచింది. ఇంకా భయపెట్టింది వేరే సంగతి. ముందు అద్దం పక్క స్తంభం దగ్గర వైరును, కిటికీల మీదుగా తెరలా తెరుచుకునే కర్టెన్ ఎయిర్‌బ్యాగ్‌కు ముందు నుంచి లాగాడు. ఎయిర్‌బ్యాగ్ తెరుచుకుంటే ఆ వైరు అడ్డం పడవచ్చు, విసురుగా లోపలికి రావచ్చు. వైరు ఎప్పుడూ ఎయిర్‌బ్యాగ్ వెనక నుంచే పోవాలి. ఇంకో చోట మళ్లీ చేయించి, బ్యాటరీ 12.4 వోల్టులకు తగ్గితే కెమెరా ఆగేలా కటాఫ్ పెట్టించాను. ఆ తర్వాత ఇబ్బంది రాలేదు. మీరు పెట్టించుకుంటే, బిగించేవాళ్ల పక్కన నిలబడి వైరు ఎటు పోతోందో చూడండి.

సీటు కవర్లు కొన్నాను, అదే రోజు వెనక్కిచ్చేశాను. ముందు సీట్ల పక్క ఎయిర్‌బ్యాగ్‌లు సీటులోంచే తెరుచుకుంటాయి, ఆ కవరు అక్కడ గట్టిగా కుట్టి ఉంది. డ్రైవరు వైపు మ్యాట్ మీద ఇంకో మ్యాట్ కూడా వెయ్యకండి, జరిగి పెడల్ కింద ఇరుక్కుంటే ప్రాణం మీదికి వస్తుంది. ఒక్కటే వేసి, కొక్కేలకు తగిలించండి. బూట్‌లో (డిక్కీలో) అంచు లేచిన రబ్బరు ట్రే మాత్రం తప్పకుండా తీసుకోండి. 600 లీటర్ల బూట్ కాబట్టి సామాను మలుపుల్లో ఈ చివరి నుంచి ఆ చివరికి దొర్లుతుంది. కార్పెట్‌కు అంటుకునే ఎల్ ఆకారం ప్లాస్టిక్ ముక్కలు రెండు పెట్టాక ఆ చప్పుడు ఆగింది. పైకప్పు మీద బిగించే సామాను పెట్టె, అదే రూఫ్ బాక్స్, ఏడాదికి రెండుసార్లు వాడతాం, ఇంటికి రాగానే తీసేస్తాను. ఖాళీగా ఉన్నా గాలిని అడ్డుకుని పెట్రోల్ తాగుతుంది. పైకప్పు బరువు పరిమితిలో రాక్, బాక్స్ బరువు కూడా కలిసే ఉంటుందని గుర్తుంచుకోండి.

రివర్స్ గేరు వెయ్యగానే పక్క అద్దం కిందికి వంగి అంచు చూపించే సౌకర్యం నా కారులో లేదని ఏడాది పాటు అనుకున్నాను. అద్దాల నాబ్‌ను ప్రయాణికుడి వైపు తిప్పి ఉంచితేనే పని చేస్తుంది. కొత్త యాక్సెసరీ ఏదైనా కొనే ముందు కారు హ్యాండ్‌బుక్ పూర్తిగా చదవండి.

ఈసీయూ రీమ్యాప్ (శక్తి పెంచడానికి ఇంజిన్ కంప్యూటర్ ప్రోగ్రామ్ మార్చడం) చెయ్యించమని స్నేహితులు చాలాసార్లు అన్నారు. చెయ్యించలేదు. వారంటీ సంగతి ఒకటి, ముందు చక్రాలకే శక్తి వెళ్లే ఈ బండి తడి రోడ్డు మీద ఉన్న టార్క్‌నే కొన్నిసార్లు దించుకోలేకపోవడం ఇంకోటి.

పెట్రోల్ మూత తలుపు లోపల మంచు గీకే చిన్న ప్లాస్టిక్ ముక్క ఒకటి ఉంటుంది, దాని మీదే టైరు గాడుల లోతు కొలిచే గేజ్ కూడా ఉంది. నిన్న దానితో కొలిచాను. ముందు టైర్లలో మూడు మిల్లీమీటర్లు మిగిలింది. ఈ వర్షాకాలానికి ముందే మార్చాలి. సైజు మాత్రం మళ్లీ 225/45, 18 అంగుళాలే.