ఫుల్ స్టాక్ నేర్చుకోవడానికి అమీర్‌పేట కోచింగా, ఇంట్లో సొంత చదువా: ఏది మేలు?

బీటెక్ అయిపోయిన పిల్లలు ఏటా మా ఇంటికి వచ్చి అడిగే ప్రశ్న ఇది. ఫుల్ స్టాక్ అంటే వెబ్‌సైటులో కంటికి కనిపించే పేజీ నుంచి వెనక నడిచే సర్వర్, డేటాబేస్ దాకా అన్నీ రాయగలగడం. నేను ఉద్యోగాలకు ఇంటర్వ్యూలు చేస్తుంటాను కాబట్టి నాకు కనిపించింది చెబుతాను.

హైదరాబాద్ అమీర్‌పేటలో మైత్రీవనం భవనం చుట్టూ ఏ గోడ చూసినా జావా ఫుల్ స్టాక్, పైథాన్ ఫుల్ స్టాక్ ప్రకటనలే. ఆ కోచింగ్‌ను తక్కువ చేయలేను. పొద్దున్నే బ్యాచ్ ఉందంటే లేవక తప్పదు. ఎస్.ఆర్. నగర్ హాస్టల్లో పక్క మంచం కుర్రాడూ అదే చదువుతుంటాడు. అన్నిటికంటే, తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు స్ప్రింగ్ బూట్ (జావాలో సర్వర్ రాసే పనిముట్టు) లాంటి సంగతి తెలుగులో విడమరిచి చెప్పే మనిషి దొరుకుతాడు. ఇంట్లో ఒంటరిగా కూర్చున్నవాళ్లకు ఆ భాగ్యం లేదు.

అయినా నా మొగ్గు సొంత చదువు వైపే. ఎందుకో ఒక్క ఉదాహరణ చెబుతాను.

రియాక్ట్‌లో (పేజీలు కట్టే జావాస్క్రిప్ట్ లైబ్రరీ) రాసిన పేజీ 3000 పోర్టులో (కంప్యూటర్లో ప్రోగ్రాముకు తలుపు నంబరు లాంటిది), జావా సర్వర్ 8080లో నడుస్తుంటాయి. లాగిన్ బటన్ నొక్కగానే బ్రౌజర్ కన్సోల్‌లో ఎర్రటి అక్షరాలతో సీఓఆర్‌ఎస్ (CORS) ఎర్రర్ వస్తుంది. క్లాసులో అయితే సారు ఒక వరుస చెబుతారు, అందరూ రాసుకుంటారు, ఎర్రర్ పోతుంది. ఇంట్లో నేర్చుకునే అమ్మాయి రెండు సాయంత్రాలు దానితో కుస్తీ పడుతుంది. పోర్టు మారితే చాలు, బ్రౌజర్ దాన్ని వేరే చోటుగా లెక్కిస్తుందని, సర్వర్ అనుమతిస్తే తప్ప జవాబును పేజీకి అందనివ్వదని చివరికి తెలుసుకుంటుంది. ఇంటర్వ్యూలో "బటన్ నొక్కాక డేటాబేస్ దాకా ఏం జరుగుతుంది?" అని అడిగితే ఆగకుండా చెప్పేది ఆ అమ్మాయే. కోచింగ్ నుంచి ఒకే షాపింగ్ సైటు ప్రాజెక్టుతో వచ్చిన ముగ్గురిని ఒకే రోజు చూశాను. పాస్‌వర్డును హ్యాష్ చేసి (వెనక్కి తిప్పలేని అక్షరాల వరుసగా మార్చి) ఎందుకు దాచాలో ముగ్గురూ చెప్పలేకపోయారు. కష్టపడే పిల్లలే, నాకు బాధేసింది.

సొంతంగా నేర్చుకోవడానికి డబ్బూ అక్కర్లేదు. హెల్సింకి విశ్వవిద్యాలయం వారి 'ఫుల్ స్టాక్ ఓపెన్' ఉచితం, 'ఫ్రీకోడ్‌క్యాంప్' కూడా అంతే. కాకపోతే రెండిటికీ ఇంగ్లీషు చదివే ఓపిక కావాలి.

బీఎస్సీ, బీకాం వాళ్లయితే ఐసెట్ ప్రవేశ పరీక్ష రాసి రెండేళ్ల ఎంసీఏ చేయడమూ మంచి దారే. క్యాంపస్ నియామకాలు జరిగే కాలేజీలో సీటు వస్తేనే సుమా.

మొదటి మూడు నెలలు ఇంట్లోనే హెచ్‌టీఎంఎల్, జావాస్క్రిప్ట్, ఎస్‌క్యూఎల్ (డేటాబేస్‌తో మాట్లాడే భాష) మీద పట్టు సాధించండి. చిన్నదైనా సొంత ప్రాజెక్టు ఒకటి, కోడ్‌ను అందరూ చూసేలా ఉంచే గిట్‌హబ్‌లో పెట్టండి. అప్పటికీ ముందుకు సాగకపోతే అమీర్‌పేట వెళ్లండి, కానీ ఫీజు కట్టేముందు డెమో క్లాసులో కూర్చుని ఆ సీఓఆర్‌ఎస్ ఎర్రర్ ఎందుకు వస్తుందో అడగండి. బోర్డు మీద బొమ్మ గీసి చెబితే చేరండి. "ఈ వరుస రాసుకో, చాలు" అంటే లేచి రండి, పక్క భవనంలో ఇంకో డెమో ఉంటుంది.