చలి ఊళ్లలో లావు వెదురు: మోసోనా, వైవాక్సా, హేనన్‌నా?

వసంతం వచ్చిందంటే అమెరికాలోని మన వాళ్ల నుంచి నాకు పదే పదే ఒకే ప్రశ్న వస్తుంది. "మా ఊళ్లో చలి మైనస్ పదిహేను సెల్సియస్ దాకా పోతుంది, పిడికిట్లో ఇమడనంత లావు బొంగు పెరిగే వెదురు ఏది?" అడిగేది షార్లెట్ నుంచైనా, న్యూజెర్సీ నుంచైనా, సియాటిల్ నుంచైనా అందరూ చలి లెక్కే చెబుతారు. వేసవి ఎలా ఉంటుందో ఎవరూ చెప్పరు. నన్నడిగితే, తేల్చేది వేసవే.

నర్సరీ చీటీ మీద ఉండే మైనస్ అంకెకు అర్థం ఒక్కటే: అంత చలి వరకు మొక్క బతుకుతుంది. ఎంత లావవుతుందో ఆ చీటీ చెప్పదు. పిలక నేలలోంచి తల ఎత్తేటప్పుడే బొంగు లావు ఖాయమైపోతుంది, ఆ తర్వాత ఒకటి రెండు నెలల్లో ఎత్తు కూడా పూర్తవుతుంది. కాబట్టి వచ్చే ఏప్రిల్‌లో పిలక ఎంత లావున వస్తుందనేది ఈ ఏడాది వేసవిలో ఆకులు దుంపవేళ్లకు ఎంత తిండి పంపాయన్న దాన్ని బట్టే ఉంటుంది. దానికి ఎండ కావాలి, ఉక్కపోత కావాలి, నీళ్లు కావాలి. లండన్‌లో, సియాటిల్‌లో చలికాలం వెదురుకు పెద్ద కష్టమేమీ కాదు. అయినా వేసవి చల్లగా ఉండడం వల్ల అక్కడ మోసో అనే లావు వెదురు రకం బతుకుతుంది గానీ ఏళ్ల తరబడి సన్నగానే ఉండిపోతుంది. లండన్ కంటే గట్టి చలి తగిలే కరోలినాల్లో మాత్రం అదే మోసో లావెక్కుతుంది. అలబామాలోని ప్రాట్‌విల్ పట్టణంలో పార్కు నిండా మోసో అడవే ఉంది. జార్జియాలో సవన్నా దగ్గర మదాకే అనే మరో లావు రకం వెదురు తోపు 1890లో నాటిన కొద్దిపాటి మొక్కల నుంచి విస్తరించింది. దక్షిణ ఫ్రాన్స్‌లోని ఆందూజ్ దగ్గర 1856లో మొదలైన వెదురు వనం ఇప్పటికీ పచ్చగా ఉంది. ఈ మూడు చోట్లా వేసవి గట్టిగా కాస్తుంది.

ఇక మోసో. ఫొటోలు చూసి ఎక్కువ మంది అడిగేది దీన్నే. క్యోటోలో అరాషియామా తోపు మోసోదే. చలి దేశాల వెదుళ్లలో దీన్ని మించిన లావు మరొకటి లేదు, చైనాలో ఇరవై మీటర్లు దాటి పెరుగుతుంది. కొత్త బొంగు మీద వేలు పెట్టి చూడండి, మఖమల్ గుడ్డలా మెత్తగా నూగు తగులుతుంది. బొంగు మొదలు దగ్గర కణుపులు దగ్గరదగ్గరగా ఉండి, పైకి పోయేకొద్దీ ఎడమవుతాయి. అందంలో దీనికి సాటి లేదు. అయితే తవ్వి మరోచోట నాటితే తేరుకోవడం కష్టం. గింజ నుంచి పెంచితే పిడికిలి లావు రావడానికి పదేళ్ల పైమాటే. చలి సుమారు మైనస్ పద్దెనిమిది వరకు ఆగుతుంది. అట్లాంటా, రాలీ, షార్లెట్ చుట్టుపక్కల ఉంటూ, స్థలమూ ఓపికా పుష్కలంగా ఉన్నవాళ్లు నిస్సంకోచంగా పెట్టుకోవచ్చు. న్యూజెర్సీలో పెట్టమని మాత్రం చెప్పను.

నా ఓటు వైవాక్స్‌కే. మైనస్ ఇరవై దాకా తట్టుకుంటుంది. అన్నిటికంటే ముఖ్యం, ఉన్న కొద్దిపాటి వేసవిని పూర్తిగా వాడుకుంటుంది. బాగా చూసుకుంటే అయిదారేళ్లలో రెండంగుళాలు దాటిన బొంగులు వస్తాయి, ఆ పాటికి మోసో మొలక ఇంకా బొటనవేలి లావు దగ్గరే ఉంటుంది. కణుపు దగ్గర ఉబ్బు ఒక పక్కకు ఒరిగి ఉండడం, పొడవాటి ఆకులు కిందికి వాలడం దీని గుర్తులు. పసుపు బొంగు మీద అక్కడక్కడ ఆకుపచ్చ చారలుండే రకం కూడా దొరుకుతుంది, పెరట్లో అది వెలుగులా ఉంటుంది. పిలకల్లో చేదు తక్కువ కాబట్టి కూరకూ పనికొస్తాయి, ఉడికించి ఆ నీళ్లు వంపేస్తే చాలు.

దీని బలహీనత బొంగు గోడ పలుచన కావడం. తడి మంచు పేరుకుంటే వంగుతుంది, ఒక్కోసారి చిట్లుతుంది. మంచు కురుస్తున్నప్పుడే పొడవాటి కర్రతో కొమ్మలు తట్టి దులిపేస్తే చాలావరకు నిలబడుతుంది. అది గడ్డకట్టి అంటుకున్నాక మాత్రం ముట్టుకోకూడదు, విరిగేది అప్పుడే. తడికలకో, పందిళ్లకో, నిచ్చెనకో గట్టి బొంగు కావాలనుకునేవాళ్లకు వైవాక్స్ పనికిరాదు.

గట్టి బొంగు కావాలంటే హేనన్ నాటాలి. నల్ల వెదురుకు ఆకుపచ్చ అన్న ఇది. కొత్త బొంగు మీద తెల్లటి పొడి ఉంటుంది, వేలితో గీస్తే గీత పడుతుంది. చలి మోసోలాగే ఆగుతుంది, గోడ మందం. రెండేళ్ల కిందటి వరకు వైవాక్స్, హేనన్ రెండూ నాకు సమానమే. ఇప్పుడు హేనన్ విషయంలో ఒక్క మాట చెప్పాలి. ఇది దాదాపు 120 ఏళ్లకోసారి పూస్తుంది. జపాన్‌లో కిందటి పూత 1908 ప్రాంతంలో వచ్చింది. హిరోషిమాలో ఒక తోపు 2020లో పూసింది, గింజ పట్టలేదు, పూసిన బొంగులు ఎండిపోయాయి, ఆ తర్వాత మూడేళ్లు పరిశోధకులు చూసినా కొత్త బొంగులు లేవలేదు. మనకు వెదురు పూత అంటే కనీసం వెదురు బియ్యమైనా దక్కుతుంది, ఇక్కడ అదీ లేదు. ఇంటి పెరట్లో పదిహేనేళ్లు పెంచి, నీడా బొంగులూ చేతికొచ్చే వేళకు ఎండిపోతే ఆ బాధ చిన్నది కాదు. అందుకే ఇప్పుడు కొత్తగా నాటేవాళ్లకు హేనన్ ఒక్కటే పెట్టుకోమని చెప్పలేను.

మదాకే కర్ర ఎంత మేలైనదంటే, 1880లో ఎడిసన్ బల్బు తీగ కోసం క్యోటో దగ్గర యవాటా నుంచి వెదురు తెప్పించింది ఈ రకానిదే. దీనికి వేసవి ఇంకా ఎక్కువ కావాలి, చలి మైనస్ పదిహేను దాటితే కష్టం. దక్షిణాన ఉన్నవాళ్లకే.

చికాగో, బోస్టన్ లాంటి చోట్ల ఉండి కూడా వెదురు కావాలంటే నూడా అనే రకం ఉంది, మైనస్ ఇరవై ఎనిమిది దాకా ఆగుతుంది. అంత చలిలో లావు ఆశించవద్దు. పాకకుండా పొదగా పెరిగే ఫార్జీసియా ఇంటి పక్క అడ్డుకు మంచిదే, అది సాధారణంగా మన ఎత్తుకు రెండింతలు దాటదు.

ఫార్జీసియా తప్ప పైవన్నీ నేల కింద వేళ్లతో పక్కలకు పాకే వెదుళ్లే, నూడాతో సహా. వేళ్లను ఆపే మందపాటి ప్లాస్టిక్ షీటును రెండున్నర అడుగుల లోతున దించి, రెండంగుళాలు నేలపైకి కనిపించేలా వదలాలి. ఏటా అక్టోబరులో చుట్టూ తిరిగి దాన్ని దాటిన వేరును నరికేయాలి. కనెటికట్‌లో 2013 నుంచి పాకే వెదురు మీద చట్టం ఉంది, పక్కింట్లోకి పోతే నష్టం మీరే భరించాలి. న్యూయార్క్‌లో కొన్ని వెదురు రకాలు అమ్మడమే నిషిద్ధం. కొనేముందు మీ ఊరి నిబంధన కూడా అడగండి.

నర్సరీలో ఎత్తైన కుండీ ఏరుకోవద్దు. నర్సరీవాళ్లు ఒప్పుకుంటే మొక్కను కుండీలోంచి పైకి లాగి, అడుగున చుట్టుకుని పసుపుగా, గట్టిగా ఉన్న దుంపవేరును, దాని మీద మొగ్గలను చూసి తీసుకోండి. న్యూజెర్సీ, మేరీల్యాండ్‌ల వాళ్లు నాటడానికి ఏప్రిల్ దాటనివ్వొద్దు, సెప్టెంబరులో నాటితే తొలి చలికే వేరు దెబ్బతినొచ్చు. మొదటి రెండు చలికాలాలు మొక్క మొదలు చుట్టూ జానెడు మందాన ఎండుటాకులు కప్పండి.