మోచేతి ప్యాడ్ మోచేతి మీదే ఉండాలి

మూడేళ్ల కిందట మెష్ జాకెట్ (గాలి ఆడేలా జల్లెడలాంటి బట్టతో కుట్టిన బైకు జాకెట్) కొన్న కొత్తలో బైకు నడిపే స్నేహితుడు ఎవరు కనిపించినా ఒకటే చెప్పేవాణ్ని: నెల్లూరు ఎండలకు తోలు జాకెట్ ఎందుకు, హాయిగా బట్టది కొనుక్కో అని. మా బావమరిది నా మాట మీద నమ్మకంతో కావలిలో అలాంటిదే కొన్నాడు. ఆ మాటను ఇప్పుడు కొంత సరిదిద్దుకోవాలి. ఇవాళ పొద్దున కూడా ఆ జాకెట్ వేసుకునే వెళ్లాను, దాన్ని వదలలేదు. కానీ పడినప్పుడు దెబ్బ తగలకుండా లోపల పెట్టే దాని మోచేతి ప్యాడ్ మీద మాత్రం నాకు ఇప్పటికీ కోపం తీరలేదు.

నాది రొయ్యల చెరువుల పని. నీళ్లలో ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారకముందే కాబట్టి నాలుగున్నరకల్లా చెరువు గట్టు మీద ఉండాలి. విడవలూరు, ఇందుకూరుపేట వైపు రోజూ వెళ్తాను. వారానికి రెండు రోజులు తుమ్మలపెంట, కరేడు, ఒక్కోసారి పాకల దాకా. ఇల్లు చేరేసరికి మిట్టమధ్యాహ్నం అవుతుంది. చలిగాలి, ఉప్పుగాలి, నెత్తి మాడే ఎండ, మూడూ ఒక్కరోజులోనే తగులుతాయి.

మొదట కొన్నది తోలుదే. ఆరేళ్లయింది. చెన్నైలో 14,000 పెట్టి తెచ్చుకున్న ఆవుతోలు జాకెట్, చేతిలోకి తీసుకుంటే నాలుగు కిలోలు తూగేది. ఆ డిసెంబరు, జనవరి నెలల్లో హైవే మీద తెల్లవారుజామున వెళ్తుంటే ఒంటికి గాలి సోకేది కాదు. మే నెల వచ్చాక సంగతి తెలిసింది. బండి కదులుతున్నంతసేపు ఎలాగో ఓర్చుకోవచ్చు, రైల్వే గేటు పడితే మాత్రం చెమట నడుం దాకా కారేది. ఎండకన్నా దాన్ని ఎక్కువ పాడుచేసింది మా నవంబరు వాన. కావలి నుంచి వస్తూ దారి పొడుగునా తడిశాను. మర్నాడు ఎండ కాస్తే మేడ మీద దండేనికి వేసి పనికి వెళ్లిపోయాను. సాయంత్రానికి అది అట్టలా బిగుసుకుపోయింది. భుజం మడత దగ్గర వెంట్రుకవాసి పగుళ్లు. ఆత్మకూరు బస్టాండ్ దగ్గర చెప్పులు కుట్టే పెద్దాయనకు చూపిస్తే, పగులు మీద బొటనవేలు పెట్టి రుద్దుతూ, "ఎండలో వేశావా నాయనా? తోలులో ఉన్న నూనంతా పోయింది" అన్నాడు. తడిసిన తోలును నీడలోనే ఆరబెట్టాలని, లోపల పాత పేపర్లు కుక్కి రూపం చెడకుండా చూడాలని, పూర్తిగా ఆరాక తోలుకు రాసే క్రీము పట్టించాలని ఆయనే చెప్పాడు. అప్పటి నుంచి అలాగే చేస్తున్నాను. బూజు మాత్రం నాలుగు రోజులు బీరువాలో పెడితే చాలు, కాలరు కింద తెల్లగా కనిపిస్తుంది. చెరువు వాసన పట్టిందంటే ఇక పోదు. తోలును బకెట్లో ముంచి ఉతకలేం కదా.

అందుకే మెష్ జాకెట్ ఇంటికి వచ్చిన రోజు నాకు పండగలా అనిపించింది. బరువు తోలుదానిలో సగం. ప్యాడ్లు తీసేసి సబ్బునీళ్లలో జాడించి వేస్తే రాత్రికి ఆరిపోతుంది. లోపలి బనియను తడుపుకుని వెళ్తే పొదిలి, మార్కాపురం వైపు పొడి ఎండలో అరగంటసేపు చల్లగా ఉంటుంది. మైపాడు దగ్గర గాలిలోనే తేమ కాబట్టి ఆ ఉపాయం ఇక్కడ అంతగా పనిచేయదు. ఎండ 40 డిగ్రీలు దాటితే లోపలికి వచ్చేది కూడా వడగాలే. అయినా తోలు జాకెట్‌లో ఉడికిపోవడం కన్నా నయం.

ఇక అసలు విషయం. నిరుడు మార్చి చివర, కోతలు జోరుగా సాగుతున్న రోజుల్లో, కోవూరు దాటి విడవలూరు దారిలో వెళ్తున్నాను. రోడ్డులో సగం మేర వడ్లు ఆరబోసి, అంచున రాళ్లు పేర్చారు. తేమ 17 శాతం దాటితే కొనుగోలు కేంద్రంలో వడ్లు తీసుకోరు, కళ్లం లేని రైతుకు తారురోడ్డే కళ్లం. ఆ రైతు మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. ఎదురుగా వచ్చిన ఆటోకు దారి ఇవ్వబోయి రెండు రాళ్ల మధ్య నుంచి వడ్ల మీదికి ఎక్కాను. వేగం నలభై ఉంటుందేమో. ముందు బ్రేకు వేలికి తగిలిందో లేదో, ముందు చక్రం పక్కకు జారిపోయింది. కుడివైపు పడి, వడ్ల మీది నుంచి తారు మీదికి నాలుగైదు బారలు జారాను.

వడ్లను కాళ్లతో తిరగదోస్తున్న పెద్దావిడ పరుగెత్తుకొచ్చి, "కదలబాక నాయనా, ముందు వేళ్లు ఆడించు" అంది. వేళ్లు ఆడాయి. హెల్మెట్ మీద గీతలు తప్ప తలకు ఏమీ కాలేదు. గ్లౌజులు అరచేతులను కాపాడాయి. భుజం ప్యాడ్ ఉన్న చోటే ఉంది, అక్కడ చిన్న కమిలిన మచ్చ కూడా లేదు. మోచెయ్యి మాత్రం మండుతోంది. చెయ్యి మడిచి చూసుకుంటే ప్యాడ్ మోచేతి మీద లేదు. చుట్టూ తిరిగి ముంజేతి లోపలివైపు, నరాలు కనిపించే చోట, బుద్ధిగా కూర్చుని ఉంది. రోడ్డుకు ఆనిన చోట ఒక్క పొర బట్టే మిగిలింది. ఆ బట్ట చిరిగిన అంచు కరిగి గట్టిపడింది, గోటితో గీకితే గరగరమంది. పాలిస్టర్ సుమారు 250 డిగ్రీల దగ్గర కరుగుతుందని చదివాను, రాపిడి వేడి అంటే ఏమిటో ఆ అంచును తాకినప్పుడు అర్థమైంది. దాని కింద నా చర్మం అరచేయంత మేర లేచిపోయింది. ఆ పెద్దావిడే చెంబుతో నీళ్లు పోసి ఇసుక కడిగింది. మానడానికి నెల పట్టింది, మచ్చ ఇంకా ఉంది.

ఇంటికి వచ్చాక తోలు జాకెట్ బీరువాలోంచి తీసి వేసుకుని, మోచేతి ప్యాడ్‌ను ఎడమ చేత్తో పట్టి తిప్పి చూశాను. కదల్లేదు. తోలు మందం, బిగువు కలిసి చెయ్యిని పట్టేసి ఉంచాయి. మెష్‌లో అదే పని చేస్తే ప్యాడ్ సులువుగా పక్కకు వెళ్లిపోయింది. దాని లోపల లేబుల్ మీద ఈఎన్ 1621-1 అనే యూరప్ ప్రమాణం గుర్తు ఉంది. ఆ గుర్తు ప్యాడ్ దెబ్బను ఎంతవరకు పీల్చుకుంటుందో చెబుతుంది, నా చేతి లావుకు ఆ జాకెట్ చెయ్యి సరిపోతుందో లేదో చెప్పదు. రాపిడికి, చిరుగుకు జాకెట్ మొత్తం ఎంత తట్టుకుంటుందో చెప్పే ఈఎన్ 17092 గ్రేడు నాదానికి "ఏ". దానిపైన ఏఏ, ఏఏఏ ఉన్నాయి. కొనేటప్పుడు ఇవేవీ చూడలేదు, ధర, గాలి ఆడటం ఈ రెండే చూశాను.

ఇందులో నా తప్పు కూడా ఉంది. చేతి మీద బిగించుకోవడానికి రెండు బటన్ పట్టీలు ఇచ్చారు. గాలి ఆడాలని వాటిని ఎప్పుడూ వదులుగానే ఉంచాను. పైగా లోపల స్వెట్టర్ పట్టాలని ఒక సైజు పెద్దది తీసుకున్నాను. అయినా నా కోపం తగ్గదు. ఈ జాకెట్ అమ్మేదే గాలి కోసం, బిగిస్తే ఆ గాలి సగం పోతుంది. ప్యాడ్ జేబును విడిగా ఒక ఎలాస్టిక్ పట్టీతో పట్టి ఉంచితే తయారుచేసేవాళ్లకు పెద్ద ఖర్చు కూడా కాదు. నేను మా వీధి టైలరుతో కుట్టించుకున్నాను, అరవై రూపాయలు తీసుకున్నాడు. ప్యాడ్ జేబుకు రెండు పక్కలా వెడల్పాటి ఎలాస్టిక్, లోపల చేతి చుట్టూ వచ్చేలా. చిరిగిన చోట మందపాటి సంచి గుడ్డ వేశాడు. అది అతుకే, కొత్త బట్టంత బలం ఉంటుందని అనుకోను. ఈసారి డబ్బు కూడబెట్టి, మోచేతుల దగ్గర, భుజాల దగ్గర దళసరి నేత ఉండి తక్కినచోట మాత్రమే మెష్ ఉన్నది, ఒంటికి సరిగ్గా పట్టేది తీసుకుంటాను.

తోలుది ఇప్పుడు ఏడాదికి రెండు నెలలు వాడుతున్నాను. సంక్రాంతి ముందు తెల్లవారుజాములకు, కార్తీకంలో దోర్నాల మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కినప్పుడు. ఆ మలుపుల్లో అది ఒంటి మీద ఉంటే నాకు ధైర్యంగా ఉంటుంది. రోజూ మధ్యాహ్నం పూట తిరిగొచ్చే పని కాకపోతే, చెమటకు తట్టుకునే ఒళ్లు ఉంటే, నేను తోలుతోనే ఉండేవాణ్నేమో. ఊళ్లోనే ఆఫీసుకు వెళ్లివచ్చేవాళ్లకు ఏ జాకెట్ కావాలో నేను చెప్పలేను, నా దారులు వేరు.

మా బావమరిదికి మాత్రం వెంటనే ఫోను చేసి, జాకెట్ తీసుకుని రమ్మన్నాను. వచ్చాక వేసుకోమని, మోచేతి ప్యాడ్ పట్టి తిప్పాను. అతనిది ఒంటికి పట్టే సైజే, అయినా రెండు వేళ్లంత కదిలింది. "బావా, నువ్వే కదా కొనమన్నావు" అన్నాడు. అవును, నేనే. టైలరు దగ్గరికి నేనే తీసుకెళ్లి, అరవై రూపాయలు నేనే ఇచ్చాను.