సీఆర్‌ఎం కొటేషన్‌లో లైవ్ కొరియర్ రేట్లు చూపించే యాడ్-ఆన్ కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇది చదవండి

సీఆర్‌ఎంలో (కస్టమర్లు, ఆర్డర్ల వివరాలు చూసుకునే సాఫ్ట్‌వేర్) కొటేషన్ తయారుచేస్తుండగానే కొరియర్ కంపెనీ నుంచి అప్పటికప్పుడు రేటు తెచ్చి ఫ్రైట్ (రవాణా ఖర్చు) వరుసలో వేసే యాడ్-ఆన్‌లు ఇప్పుడు చాలామంది అమ్ముతున్నారు. అలాంటిదొకటి మా ఆఫీసులో ఏడాది చందా కట్టి తీసుకున్నాం. దానివల్ల కొన్ని ఆర్డర్లలో మిగలాల్సింది రవాణాకే పోయింది. ఇంకొన్ని ఆర్డర్లు ఫ్రైట్ ఎక్కువగా కనిపించి చేతికి రాకుండానే పోయాయి. డబ్బు వెనక్కి అడిగితే ఇవ్వలేదు. ఇలాంటిది కొనే ఆలోచనలో ఉన్నవాళ్లు ఎవరైనా సరే, ముందు ఏం తేల్చుకోవాలో వివరంగా రాస్తున్నాను.

మాది బాలానగర్. ఫార్మా కంపెనీల క్లీన్‌రూమ్‌లకు, గాలిలోని సన్నని ధూళిని పట్టే హెపా ఫిల్టర్లు సప్లై చేస్తాం. పాశమైలారం, జడ్చర్ల, విశాఖ దగ్గర పరవాడ ఫార్మా సిటీ, అటు హిమాచల్‌లో బద్ది దాకా సరుకు వెళ్తుంది. ఫిల్టర్ బరువు తక్కువ, డబ్బా మాత్రం పెద్దది. మా వ్యాపారంలో ఫ్రైట్ లెక్క తప్పితే మార్జిన్ మిగలదు. అందుకే సేల్స్ వాళ్లు ప్రతి కొటేషన్‌కూ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఫోన్ చేసి రేటు అడిగే పని తప్పుతుందని ఇది తీసుకున్నాం.

డెమోలో అంతా బాగానే కనిపించింది. రెండు కిలోల చిన్న పెట్టె, హైదరాబాద్ నుంచి బెంగళూరుకు. బటన్ నొక్కగానే మూడు నాలుగు సర్వీసుల రేట్లు, ఎన్ని రోజుల్లో చేరుతుందో కూడా వచ్చేశాయి. నచ్చిన సర్వీసు మీద క్లిక్ చేస్తే మొత్తం కొటేషన్‌లోకి చేరింది. డెమో ఇచ్చేవాళ్లు ఎప్పుడూ చిన్న పెట్టెతోనే చూపిస్తారని మీరు గుర్తుపెట్టుకోవాలి. చిన్న పెట్టెలో ఏ లెక్కా తప్పదు.

అసలు గొడవ బరువు దగ్గర మొదలైంది. కొరియర్ వాళ్లు డబ్బు తీసుకునేది చార్జబుల్ వెయిట్‌కి. అసలు బరువు, డబ్బా కొలతల మీద లెక్కేసిన వాల్యూమెట్రిక్ బరువు, ఈ రెండింటిలో ఏది ఎక్కువైతే అది. డీహెచ్‌ఎల్ ఎక్స్‌ప్రెస్ లాంటి వాళ్లు పొడవు, వెడల్పు, ఎత్తు సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగిస్తారు. మన దగ్గర సర్ఫేస్ కార్గో వాళ్లు ఎక్కువగా ఘనపు అడుగుల్లో లెక్కేస్తారు. ఒక్కో ఘనపు అడుగుకు 6 కిలోలనో, 8 అనో, 10 అనో మన అగ్రిమెంట్‌లో రాసుకుంటారు. దీన్నే వాళ్లు సీఎఫ్‌టీ అంటారు.

మా ఫిల్టర్ డబ్బా 65 × 65 × 35 సెంటీమీటర్లు. బరువు 14 కిలోలు. 5000తో భాగిస్తే 29.6 కిలోలు వస్తుంది. అదే సర్ఫేస్‌లో సీఎఫ్‌టీ 8 అయితే దాదాపు 42 కిలోలు. అంటే 14 కిలోల డబ్బాకు మూడింతల బరువు మీద బిల్లు వస్తుంది. ఈ యాడ్-ఆన్ మాత్రం మా సీఆర్‌ఎం ప్రోడక్ట్ మాస్టర్ (వస్తువుల వివరాల పట్టిక)లోని బరువు గడి ఒక్కటే చదువుతోంది. కొలతలు పెట్టడానికి గళ్లు ఉన్నాయి, మేం నింపాం కూడా. కానీ ఆ గళ్లు రేటు అడిగే రిక్వెస్ట్‌లోకి వెళ్లడం లేదు. ఈ సంగతి ఎక్కడా రాసి లేదు.

ఒక ఆర్డర్ లెక్క చెప్తాను. బద్దికి 8 ఫిల్టర్లు. యాడ్-ఆన్ 112 కిలోలు అనుకుంది, కిలోకు 15 రూపాయల లెక్కన 1,680 వేసింది. ట్రాన్స్‌పోర్ట్ వాళ్ల బిల్లులో చార్జబుల్ వెయిట్ 334 కిలోలు. అదే రేటుకు 5,010. దాని మీద డాకెట్ చార్జీ (ఒక్కో బుకింగ్‌కు వేసేది), ఫ్యూయల్ సర్‌చార్జీ, సరుకు విలువ మీద వేసే ఎఫ్ఓవీ, ఆపైన జీఎస్టీ. కస్టమర్ మాత్రం కొటేషన్‌లో ఉన్న అంకెకే పీఓ (కొనుగోలు ఆర్డర్) ఇచ్చారు. మిగతాదంతా మేమే పెట్టుకున్నాం.

రెండో సమస్య ఇంకా ప్రమాదకరం. డబ్బాలు ఎక్కువైనప్పుడు ఇది అన్నిటినీ కలిపి ఒకే పార్శిల్‌గా అడుగుతుంది. ఆ బరువు ఆ సర్వీసు పరిమితి దాటితే క్యారియర్ (కొరియర్ కంపెనీ) వైపు నుంచి రేటు రాదు, ఎర్రర్ వస్తుంది. అప్పుడు తెర మీద ఒక హెచ్చరిక చూపించి కొటేషన్ ఆపేయాలి కదా? ఇది ఆపలేదు. ఫ్రైట్ వరుసలో 0.00 అని వేసి, మొత్తం కూడేసి, పీడీఎఫ్ చేసి పంపేసింది. క్యారియర్ సర్వర్ ఆలస్యంగా స్పందించినా ఇదే సున్నా.

పరవాడలో ఒక కస్టమర్‌కు అలాగే వెళ్లింది. కొటేషన్ చివర్లో వస్తువు ధర, కింద ఫ్రైట్ 0.00, దాని కింద జీఎస్టీ, గ్రాండ్ టోటల్. చూసేవాళ్లకు ఫ్రైట్ మేమే భరిస్తున్నట్టు ఉంటుంది. పర్చేజ్ ఆఫీసర్‌కు ఫోన్ చేస్తే ఆయన మర్యాదగానే చెప్పారు: "మీ కొటేషన్‌లో ఫ్రైట్ సున్నా అనే ఉంది కదండీ. పీఓ అలాగే రిలీజ్ అయింది. ఇప్పుడు అమెండ్‌మెంట్ అంటే మళ్లీ అప్రూవల్‌కి వెళ్లాలి, మీ తర్వాత తక్కువ కోట్ చేసినవాళ్ల ఫైలు కూడా మళ్లీ తెరవాలి." ఆయన తప్పేం లేదు. చేతిలో ఉన్న కాగితాన్ని బట్టే ఆయన మాట్లాడారు.

రేటు ఎవరిదన్నది ఇంకో విషయం. కొరియర్ కంపెనీతో మనకు అకౌంట్ ఉంటే మనకు తగ్గింపు రేటు ఉంటుంది. లైవ్ రేటు అంటే ఆ తగ్గింపు రేటే వస్తుందని ఎవరైనా అనుకుంటారు. ఈ యాడ్-ఆన్‌లో మా అకౌంట్ నంబర్ ఇచ్చాం, కనెక్టెడ్ అని పచ్చగా చూపించింది. కానీ తెచ్చిన రేట్లు మాత్రం పబ్లిష్డ్ రేట్లు, అంటే ఏ ఒప్పందమూ లేనివాళ్లకు ఇచ్చే రేట్లు. అందువల్ల చిన్న పార్శిళ్లలో మా ఫ్రైట్ పోటీదారుల కన్నా ఎక్కువగా కనిపించింది. పెద్ద డబ్బాల్లో తక్కువ, చిన్న పార్శిళ్లలో ఎక్కువ. రెండు వైపులా నష్టం మాదే. పాత కస్టమర్ ఒకాయన చనువు కొద్దీ "మీ కొరియర్ చార్జీ ఏంటండీ అంత ఉంది?" అని అడిగితేనే ఈ సంగతి బయటపడింది. అడగకుండా పక్కవాళ్ల దగ్గర కొనుక్కున్నవాళ్లు ఎంతమందో.

జీఎస్టీ విషయంలో కూడా చూసుకోండి. కొరియర్ సేవ మీద 18 శాతం పన్ను ఉంటుంది. యాడ్-ఆన్ తెచ్చే అంకెలో ఆ పన్ను కలిసి ఉందా, లేదా అన్నది తేలాలి. మాకు కలిపి తెచ్చింది. 1,000 రూపాయల ఫ్రైట్ 1,180గా వచ్చింది. మా ఇన్‌వాయిస్‌లో వస్తువుతో పాటు వేసే ఫ్రైట్‌కు వస్తువుకున్న పన్ను రేటే వర్తిస్తుంది కాబట్టి సీఆర్‌ఎం దాని మీద మళ్లీ 18 శాతం వేసింది. 1,392 రూపాయల 40 పైసలు అయింది. కొరియర్ వాళ్లకు కట్టిన జీఎస్టీని మనం ఇన్‌పుట్ క్రెడిట్‌గా తీసుకుంటాం, అంటే మనం కట్టాల్సిన పన్నులో తగ్గించుకుంటాం. కనుక కొటేషన్‌లోకి రావాల్సింది పన్ను లేని 1,000. మా అకౌంటెంట్ గారు ఇది పట్టుకోకపోతే ఎన్నాళ్లు నడిచేదో.

ఊరికి దూరంగా ఉన్న ప్లాంట్లకు ఓడీఏ చార్జీ పడుతుంది. కొరియర్ వాళ్ల మామూలు డెలివరీ పరిధి బయట ఉన్న పిన్‌కోడ్‌లకు విడిగా వేసేది అది. ఈ యాడ్-ఆన్ దాన్ని కలపలేదు.

కొటేషన్ మళ్లీ తెరిస్తే రేటు మారిపోవడం మీద మాత్రం కాస్త ఎక్కువే చెప్పాలి. సోమవారం కస్టమర్‌కు పంపిన కొటేషన్‌ను శుక్రవారం ఒక స్పెల్లింగ్ సరిచేద్దామని తెరిస్తే, ఇది చెప్పకుండా కొత్త రేటు తెచ్చి సేవ్ చేసేస్తుంది. కస్టమర్ దగ్గరున్న పీడీఎఫ్‌లో ఒక మొత్తం, మన సీఆర్‌ఎంలో ఇంకో మొత్తం. పాత రేటు ఎప్పుడు, ఏ బరువుకు, ఏ సర్వీసుకు వచ్చిందో రికార్డు ఉండదు. గొడవ వస్తే మన దగ్గర చూపించడానికేమీ మిగలదు. ఫ్యూయల్ సర్‌చార్జీ తరచూ మారుతుంది కాబట్టి రేటు మారడం సహజం. కానీ పంపేసిన కొటేషన్‌లోని అంకెను మనం మార్చమంటేనే మార్చాలి.

ఇవన్నీ స్క్రీన్‌షాట్‌లతో సపోర్ట్‌కి రాశాం. "రేటు క్యారియర్ నుంచి వచ్చిందే, మేం ఏమీ మార్చలేదు" అన్నదే జవాబు. కొలతలు మీరు పంపడం లేదు కదా అంటే, అది రాబోయే వెర్షన్‌లో ఉందన్నారు. సున్నా గురించి అడిగితే మీ సేల్స్ టీమ్ పంపే ముందు చూసుకోవాలన్నారు. మనిషి ప్రతిసారీ చూసుకోవాలంటే డబ్బు కట్టి ఇది కొనడం దేనికి?

రీఫండ్ లేదు, ఏడాది చందా కాబట్టి. అమ్మింది విదేశీ కంపెనీ, బిల్లు డాలర్లలో. జీఎస్టీ రిజిస్ట్రేషన్ ఉన్నవాళ్లు విదేశీ సేవ కొంటే రివర్స్ చార్జ్ కింద ఐజీఎస్టీ మనమే కట్టి, తర్వాత క్రెడిట్ తీసుకోవాలి. కార్డు మీద బ్యాంకు వేసే ఫారెక్స్ చార్జీ విడిగా ఉంటుంది. వినియోగదారుల కమిషన్‌కు వెళ్దామా అని లాయరు గారిని అడిగాం. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో వాణిజ్య అవసరానికి సేవ కొన్నవాళ్లు వినియోగదారు కిందికి రారట. స్వయం ఉపాధితో బతికేవాళ్లకు మినహాయింపు ఉంది కానీ మా లాంటి కంపెనీకి అది కష్టమన్నారు. కాబట్టి మీ రక్షణ అంతా కొనే ముందే ఉంటుంది.

కొనే ముందు చేయాల్సిన పని ఒకటుంది, దాని మీద పట్టుబట్టండి. గత రెండు మూడు నెలల కొరియర్, ట్రాన్స్‌పోర్ట్ బిల్లులు బయటికి తీయండి. చిన్నవి, పెద్దవి, ఎక్కువ డబ్బాలవి, ఓడీఏ పడ్డవి అన్నీ కలిపి ఓ గుప్పెడు ఏరండి. ట్రయల్‌లో మీ సొంత అకౌంట్ కలిపి, అవే వివరాలు యాడ్-ఆన్‌లో ఇచ్చి, అది చూపించే అంకెను బిల్లు పక్కన పెట్టండి. ట్రయల్‌లో సొంత అకౌంట్ కలపనివ్వం అంటే అక్కడే ఆపేయండి. తర్వాత కావాలనే ఒక తప్పు పిన్‌కోడ్ కొట్టి చూడండి. రేటు రానప్పుడు కొటేషన్ ఆగిందా, సున్నాతో ముందుకెళ్లిందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. క్యారియర్‌కు వెళ్లిన రిక్వెస్ట్, వచ్చిన జవాబు లాగ్‌లో చూపించమనండి. అందులో పొడవు, వెడల్పు, ఎత్తు, డబ్బాల సంఖ్య ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి.

యాడ్-ఆన్ చివరిసారి ఎప్పుడు అప్‌డేట్ అయిందో కూడా అడగండి. క్యారియర్లు తమ ఏపీఐలు (యాడ్-ఆన్ వాళ్ల సర్వర్‌ను రేటు అడిగే దారులు) మారుస్తుంటారు. కొరియర్ కంపెనీ యూపీఎస్ 2024లో పాత యాక్సెస్ కీ పద్ధతి తీసేసి ఓఆథ్ అనే కొత్త లాగిన్ పద్ధతికి మారింది. అలాంటి మార్పులకు సిద్ధంగా లేని యాడ్-ఆన్‌లో రేట్లు ఒక రోజు ఉన్నట్టుండి ఆగిపోతాయి.

పచ్చళ్లు, పిండివంటలు, చీరలు అమెరికాకు పంపేవాళ్లకు ఒక మాట. 800 డాలర్ల లోపు పార్శిళ్లకు అక్కడున్న సుంకం మినహాయింపు 2025 ఆగస్టు 29 నుంచి ఎత్తేశారు. యాడ్-ఆన్ ఫ్రైట్ మాత్రమే చూపిస్తే సుంకం ఎవరు కట్టాలో మీ కొటేషన్‌లో విడిగా రాసి ఉండాలి. లేకపోతే పార్శిల్ తీసుకునేవాళ్ల ఇంటి దగ్గరే గొడవ.

ఇప్పుడు మేం ఏం చేస్తున్నామంటే, ట్రాన్స్‌పోర్ట్ వాళ్లతో ఉన్న అగ్రిమెంట్ రేట్లను జోన్ల వారీగా సీఆర్‌ఎంలోనే ఒక పట్టికగా పెట్టుకున్నాం. ప్రతి వస్తువుకూ ప్యాకింగ్ అయ్యాక టేపు పెట్టి కొలిచిన కొలతలు, సీఎఫ్‌టీ మీద వచ్చే చార్జబుల్ వెయిట్ ఎక్కించాం. ఫ్రైట్ గడి ఖాళీగా గానీ సున్నాగా గానీ ఉంటే పీడీఎఫ్ తయారు కాకుండా ఒక రూల్ పెట్టించాం. దానికి ప్రోగ్రామర్ అక్కర్లేదు, చాలా సీఆర్‌ఎంలలో వ్యాలిడేషన్ రూల్ పేరుతో ఉంటుంది. దూరపు ఆర్డర్లకు ఫ్రైట్ యాక్చువల్స్ (అసలు బిల్లు ఎంతైతే అంత) అని, కొటేషన్ 15 రోజులే చెల్లుతుందని రాస్తున్నాం. యాక్చువల్స్ ఒప్పుకోని కస్టమర్లకు మాత్రం ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు నుంచి వాట్సాప్‌లో రేటు రాతపూర్వకంగా తెప్పించుకుని కొటేషన్‌కు జతచేసి ఉంచుతున్నాం.

ఇప్పటికే ఇలాంటిది కొని వదిలించుకుంటున్నవాళ్లు చందా రద్దు చేయడంతో ఆగొద్దు. కార్డు మీద ఉన్న ఈ-మాండేట్‌ను (దానంతటదే డబ్బు తీసుకునే అనుమతి) బ్యాంకు యాప్‌లోకి వెళ్లి తీసేయండి. కొరియర్ కంపెనీ డెవలపర్ పోర్టల్‌లో ఆ యాడ్-ఆన్ కోసం తీసిన కీలను (మీ అకౌంట్‌లోకి వెళ్లనిచ్చే కోడ్‌లు) కూడా డిలీట్ చేయండి. యాడ్-ఆన్‌ను అన్‌ఇన్‌స్టాల్ చేసినా ఆ కీలు పనిచేస్తూనే ఉంటాయి. వాటికి బుకింగ్ అనుమతి కూడా ఉంటే, వాటితో మీ అకౌంట్ మీద పార్శిల్ బుక్ చేయొచ్చు.