కంట్రోలు బియ్యమా, ఖాతాలో డబ్బులా: ఏది మేలు?

సన్నబియ్యం రాకముందు మాట. రేషన్ షాపు తెరిచిన రెండో రోజో మూడో రోజో మా వీధిలోకి మోపెడ్ మీద ఒకాయన వచ్చేవాడు. వెనక ఖాళీ సంచులు, హ్యాండిల్‌కు వేలాడే కాటా. అరుపు లేదు, హారన్ లేదు. ఏ గుమ్మం ముందు ఆగాలో ఆయనకు తెలుసు. కిలో పది రూపాయలు, బేరమాడితే పన్నెండు. పొద్దున వేలిముద్ర వేసి తెచ్చుకున్న దొడ్డు బియ్యం మధ్యాహ్నానికల్లా ఆ సంచుల్లోకి వెళ్లిపోయేది.

ఈ బేరంలో ఎవరికెంత ముట్టిందో లెక్కేద్దాం. వడ్లు కొనడం, మర పట్టించడం, గోదాముల్లో దాచడం, లారీల్లో తరలించడం, అప్పుల మీద వడ్డీ, అన్నీ కలిపితే కిలో బియ్యానికి ప్రభుత్వానికి పడే ఖర్చు ఈమధ్య 40 రూపాయల దరిదాపుల్లో ఉంది. తెలంగాణలో మనిషికి 6 కిలోలు. నలుగురున్న ఇంటికి 24 కిలోలు, అంటే నెలకు 960 రూపాయల ఖర్చు. పన్నెండు చొప్పున అమ్ముకుంటే ఆ ఇంటికి దక్కేది 288. మిగిలిన 672లో మోపెడ్ ఆయనకు కొంత, ఆయన వెనకున్న వ్యాపారికి కొంత, మిల్లుకు కొంత. తక్కినది రవాణాలో, నిల్వలో ఆవిరి. అదే ఇంటికి నేరుగా 500 వేస్తే ఇంటికీ లాభమే, ఖజానాకూ లాభమే కదా?

చాలా ఏళ్లు నేనూ ఇలాగే వాదించాను. పేదవాడికి ఏం కావాలో మనకంటే వాడికే బాగా తెలుసు, డబ్బు చేతిలో పెట్టి పక్కకు జరగాలి అని. నా నమ్మకాన్ని కదిపింది పుస్తకాల్లోని సిద్ధాంతం కాదు, రాంచీ పక్కనున్న ఒక బ్లాకులో జరిగిన వ్యవహారం.

నగ్డీలో ఏమైంది?

జార్ఖండ్ ప్రభుత్వం 2017 అక్టోబరులో నగ్డీ బ్లాకును ప్రయోగానికి ఎంచుకుంది. అప్పటిదాకా అక్కడివాళ్లు రేషన్ షాపులో కిలో రూపాయికి బియ్యం తెచ్చుకునేవాళ్లు. కొత్త పద్ధతిలో ప్రభుత్వం కిలోకు 31 రూపాయల 60 పైసలు ఖాతాలో వేస్తుంది. వాళ్లు దానికి తమ రూపాయి కలిపి, అదే షాపులో 32 రూపాయల 60 పైసలకు కొనుక్కోవాలి. కాగితం మీద ఎవరికీ పైసా నష్టం లేదు.

ఊళ్లో మాత్రం కథ వేరేగా నడిచింది. డబ్బు పడిందో లేదో తెలుసుకోవడానికి బ్యాంకుకు ఒక తిరుగుడు. పడినా, ఇంట్లో ఉన్న మూడు నాలుగు ఖాతాల్లో దేంట్లో పడిందో వెతకాలి. తీసుకోవడానికి మన మీసేవ లాంటి ప్రజ్ఞా కేంద్రం, అక్కడ వేలిముద్ర. అప్పుడు రేషన్ షాపు, అక్కడ మళ్లీ వేలిముద్ర. కూలి పోగొట్టుకుని రెండు మూడు రోజులు తిరిగితే బియ్యం ఇంటికి వచ్చేవి. 2018 మొదట్లో సర్వే చేస్తే 97 శాతం కుటుంబాలు ఈ పద్ధతి వద్దన్నాయి. ఊరేగింపులు జరిగాయి. ఆ ఆగస్టులో ప్రభుత్వం ప్రయోగాన్ని ఎత్తేసింది.

డబ్బును సమర్థించేవాళ్లు ఇక్కడ ఒక అభ్యంతరం చెబుతారు, అందులో న్యాయముంది. నగ్డీలో ఇచ్చింది నిజమైన నగదు స్వేచ్ఛ కాదు. అదే షాపు, అదే డీలరు, అవే బియ్యం, మధ్యలో బ్యాంకు అదనం. డబ్బు సంగతి తేలాలంటే షాపు లేకుండా డబ్బు మాత్రమే ఇచ్చిన చోట చూడాలి.

అలాంటి చోటు ఒకటి మనవాళ్లకు దగ్గరలోనే ఉంది. 2015 సెప్టెంబరులో చండీగఢ్‌, పుదుచ్చేరిల్లో బియ్యం, గోధుమలు ఆపి ఖాతాలో డబ్బు వేయడం మొదలుపెట్టారు. పుదుచ్చేరి అంటే యానాం కూడా. యానాం తెలుగు కుటుంబాల చేతికి డబ్బు, సరిహద్దు దాటితే కోనసీమ ఊళ్లలో బియ్యం. నీతి ఆయోగ్ అడిగితే కార్తీక్ మురళీధరన్ తదితర ఆర్థికవేత్తలు ఈ కేంద్రపాలిత ప్రాంతాల్లో లబ్ధిదారులను పలుమార్లు కలిసి అడిగి చూశారు. తేలినవి మూడు సంగతులు. సర్కారు రికార్డుల్లో ఫెయిలైన చెల్లింపులు ఒక శాతం కూడా లేవు, జనాన్ని అడిగితే ఐదింట ఒకరు మాకు రాలేదన్నారు. వచ్చిన డబ్బుతో బజారులో అన్నే గింజలు కొనడానికి చేతి డబ్బు కలపాల్సి వచ్చింది. అయినా సరే, మొదట్లో బియ్యమే కావాలన్నవాళ్లలో చాలామంది నెలలు గడిచేకొద్దీ డబ్బువైపు మళ్లారు.

రికార్డులకూ జనం మాటకూ ఎందుకంత తేడా? కొందరి ఖాతా ఏదో వాళ్లకే తెలియదు. కొందరికి పడిన సంగతే తెలియదు. పాసుబుక్కు ప్రింటు వేయించుకోని మనిషికి ఖాతాలో పడని డబ్బూ, పడినా తెలియని డబ్బూ ఒకటే. బియ్యానికి ఈ చిక్కు లేదు. సంచి ఎత్తితే బరువు తెలుస్తుంది.

పుదుచ్చేరి కథ అక్కడితో ఆగలేదు. మూతపడ్డ రేషన్ షాపులు తెరవాలన్నది 2024 ఎన్నికల్లో అక్కడ పెద్ద డిమాండు. ఆ ఏడాది దీపావళికి షాపులు మళ్లీ తెరుచుకున్నాయి.

షాపు ఎలా నడుస్తుందన్నదే అసలు ముడి

2011లో ఆర్థికవేత్త రీతికా ఖేరా తొమ్మిది రాష్ట్రాల్లో ఇదే ప్రశ్న అడిగించారు: బియ్యమా, డబ్బా? మొత్తమ్మీద మూడింట రెండు వంతులు సరుకే కావాలన్నారు. కానీ ఆ సగటు కంటే రాష్ట్రాల మధ్య తేడా చూడాలి. అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో, ఛత్తీస్‌గఢ్‌లో పదిమందిలో తొమ్మిదిమంది సరుకు వైపు. బిహార్‌లో సగానికి పైగా డబ్బు వైపు. కారణం ఊహించడం కష్టం కాదు. మన దగ్గర ఎన్టీఆర్ 1983లో కిలో రెండు రూపాయల బియ్యం మొదలుపెట్టినప్పటి నుంచీ రేషన్ షాపు ఓట్లతో ముడిపడిన సంస్థ. నెల తప్పితే ఊరు అడుగుతుంది. బిహార్‌లో ఆ రోజుల్లో బియ్యం చాలామందికి చేరేవే కావు. చేరని బియ్యం కంటే ఏ డబ్బైనా నయమే.

ఇందులోనే నాకు సగం జవాబు దొరికింది. బియ్యమా డబ్బా అన్నది పేదవాడి గురించిన ప్రశ్నలా కనిపిస్తుంది గానీ, నిజానికి ఆ ఊళ్లో షాపు బాగా నడుస్తుందా, బ్యాంకు బాగా నడుస్తుందా అన్న ప్రశ్న.

ధర పెరిగితే ఎవరి మీద పడుతుంది?

బియ్యం వైపు ఉన్న అన్నిటికంటే గట్టి వాదన ఇది, దీన్ని తక్కువగా మాట్లాడతారు. కేంద్రం చేసిన ఆహార భద్రత చట్టం ఇచ్చే హామీ కిలోల్లో ఉంది, మనిషికి ఐదు చొప్పున. బజారులో బియ్యం 40 అయినా 60 అయినా ఐదు కిలోలు ఐదు కిలోలే. ధర పెరిగిన బరువు ప్రభుత్వం మోస్తుంది. రూపాయల్లో ఇస్తే ఆ బరువు ఇంటి మీదికి వస్తుంది.

రేటు పెంచుకుంటూ పోవచ్చు కదా అంటారు. కేంద్రం తన వాటాగా ఇచ్చే వృద్ధాప్య పింఛను చూడండి. 80 ఏళ్లలోపు వారికి నెలకు 200 రూపాయలు. ఆ అంకె 2006 నాటిది. ఇంకా అక్కడే ఉంది. రాష్ట్రాల పింఛన్లు పెరిగాయి, నిజమే, కానీ అవి పెరిగింది ధరల సూచీ చూసి కాదు, ఎన్నికలు చూసి.

కర్ణాటక అనుభవం మరీ కొత్తది. 2023లో కేంద్రం రాష్ట్రాలకు బియ్యం అమ్మడం ఆపేసింది. దాంతో అక్కడి ఉచిత బియ్యం పథకం అన్నభాగ్య కింద ఇస్తామన్న అదనపు ఐదు కిలోలకు బదులు కిలోకు 34 లెక్కన మనిషికి 170 రూపాయలు ఇచ్చారు. బెంగళూరు బజారులో ఆ డబ్బుకు ఐదు కిలోల మంచి బియ్యం రావు. బియ్యం దొరకగానే, 2025 ఫిబ్రవరి నుంచి మళ్లీ బియ్యానికే వెళ్లారు.

దూరాన ఉన్న ఊళ్లలో ఇంకో మెలిక ఉంది. దక్షిణ మెక్సికోలో రెండు వందల దాకా పల్లెలను లాటరీ పద్ధతిలో విడదీసి, కొన్నిటికి సరుకుల పెట్టె, కొన్నిటికి నగదు ఇచ్చారు. పెట్టె ఇచ్చిన ఊళ్లలో తిండి సరుకుల ధరలు తగ్గాయి. నగదు ఇచ్చిన ఊళ్లలో తగ్గలేదు సరికదా, కాస్త పెరిగే వైపు ఉన్నాయి. ఒకటీ రెండు కిరాణా కొట్లే ఉన్న మారుమూల పల్లెల్లో ఈ తేడా ఎక్కువ. మన ఏజెన్సీ గూడేనికి ఇది అచ్చంగా సరిపోతుంది. ఊరంతటికీ ఒకే రోజున డబ్బు పడిందని కొట్టాయనకు తెలిస్తే ఏం చేస్తాడో వేరే చెప్పాలా?

తాగేస్తారన్న మాట

డబ్బిస్తే తాగుడికి పోతుందన్న భయం మాత్రం పరిశోధనలో నిలబడలేదు. 2011లో ఢిల్లీలో రేషన్ బదులు నెలకు వెయ్యి రూపాయలిచ్చి చూస్తే తాగుడు పెరగలేదు, తిండీ తగ్గలేదు. మెక్సికోలోనూ అంతే. కానీ లెక్కల్లో తేలనిది ఒకటి మా పెద్దమ్మ చెప్పింది: "పైసలైతే మీ పెద్దనాయన చేతిల పడతయి బిడ్డా, బియ్యమైతే నా కుండల పడతయి." ఇంట్లో వంట ఎవరిదో బియ్యం మీద పెత్తనం వాళ్లదే. ఖాతా ఎవరి పేర ఉన్నా ఏటీఎం కార్డు ఎవరి జేబులో ఉంటుందో మనకు తెలియనిది కాదు. ఆపైన ఖాతాలో పడ్డ డబ్బు పాత అప్పు కిందో, మినిమం బ్యాలెన్స్ జరిమానా కిందో బ్యాంకే పట్టుకునే ప్రమాదం ఒకటి.

మరి డబ్బు పక్షాన ఏమీ లేదా?

ఉంది, చాలా ఉంది. మొదటిది ఖర్చు. ఈక్వడార్‌లో 2011లో తిండి సరుకు, కూపన్లు, నగదు పక్కపక్కన పెట్టి పరీక్షించారు. 40 డాలర్ల విలువైన సాయం చేరవేయడానికి నగదుకైతే సుమారు 3 డాలర్లు, సరుకుకైతే 11 దాటింది. రెండోది కారుడు. 2022-23 గృహ వినియోగ సర్వే ఆధారంగా ఢిల్లీలోని ఇక్రియర్ అనే ఆర్థిక పరిశోధన సంస్థ వేసిన లెక్కలో రేషన్ గింజల్లో 28 శాతం చేరాల్సిన వారి కంచంలోకి చేరలేదు. ఇంట్లో తిన్నదే ఆ సర్వే చూస్తుంది కాబట్టి మోపెడ్ ఆయనకు అమ్మినవీ కారినట్టే లెక్కలోకి వస్తాయి. దాన్ని మొత్తం దొంగతనం అనలేం, కానీ దండగ అనక తప్పదు. ఆ బియ్యం మిల్లుల్లో పాలిష్ పట్టి మళ్లీ సర్కారుకే తిరిగి వస్తున్నాయని, ఓడలెక్కి ఆఫ్రికా పోతున్నాయని ఏటా వార్తలే. 2024 నవంబరులో కాకినాడ పోర్టులో రేషన్ బియ్యం ఎక్కాయంటూ స్టెల్లా ఎల్ నౌక చుట్టూ నడిచిన రభస గుర్తుండే ఉంటుంది.

మూడో దారి ఒకటి ఇండోనేషియా చూపించింది. అక్కడ నెలకు పది కిలోల సర్కారు బియ్యం ఊరికి వస్తే, ఊరి పెద్దలు అందరికీ తలా ఇంత పంచేసేవాళ్లు. మొహమాటానికి పోయే సమాజం మరి. దాంతో నిజంగా పేదలకు అందాల్సింది పలచబడింది. తర్వాత కార్డు ఇచ్చారు. దానితో కొట్టులో బియ్యమో గుడ్లో మాత్రమే కొనుక్కోవాలి, నగదు తీయకూడదు. 105 జిల్లాల్లో దశలవారీగా మార్చి చూసిన ఆర్థికవేత్త అభిజిత్ బెనర్జీ బృందానికి కార్డు వచ్చిన చోట అర్హులకు అందిన సాయం 46 శాతం ఎక్కువని తేలింది. మరీ పేద ఇళ్లలో పేదరికం ఐదో వంతు తగ్గింది. గుడ్లు అన్న మాట దగ్గర నేను ఆగిపోయాను. మన కార్డులో బియ్యం మీద బియ్యమే. ఒంట్లో రక్తం లేని ఆడవాళ్లున్న ఇంటికి మరో ఐదు కిలోల పిండి పదార్థం కంటే డజను గుడ్లు మేలు చేస్తాయి.

రైతు సంగతి మరిచిపోతే ఈ లెక్క పూర్తికాదు. క్వింటా వడ్లకు 67 కిలోల బియ్యం చొప్పున మిల్లర్లు ప్రభుత్వానికి అప్పగించే ఆ బియ్యమే రేషన్ షాపుకు వస్తాయి. షాపు మూసేస్తే ఊళ్లోని ఐకేపీ కొనుగోలు కేంద్రంలో సర్కారు కొన్న వడ్లు ఎక్కడికి పోవాలి? రేషన్ మీద చర్చ ఢిల్లీలో తిండి గురించి, నల్లగొండలో మద్దతు ధర గురించి.

నా ఓటు ఎటు?

పల్లెకు, ఏజెన్సీకి బియ్యం. ఇందులో నాకు సందేహం లేదు. అదీ తినే బియ్యం. 2025 ఉగాదికి తెలంగాణ సన్నబియ్యం ప్రకటించి ఏప్రిల్ నుంచి ఇవ్వడం మొదలుపెట్టాక మా వీధిలో సంచులు అమ్మే ఇళ్లు బాగా తగ్గాయి. ఇన్నాళ్లూ జనానికి బియ్యం అక్కర్లేదనుకున్నాం. అక్కర్లేనిది ఆ బియ్యం. సన్నాలకు ఖర్చు ఎక్కువే, కానీ తినని బియ్యానికి పెట్టే 40 కంటే తినే బియ్యానికి పెట్టే 50 చవక అని నా లెక్క.

వలస కూలీకి డబ్బు కంటే ఎక్కడైనా చెల్లే కార్డు ముఖ్యం. దేశంలో రాష్ట్రాల మధ్య రేషన్ మార్పిడి తొలిసారి 2019 ఆగస్టులో మొదలైన జంటల్లో మన రెండు రాష్ట్రాలూ ఒకటి.

పట్నంలో మాత్రం, ఏటీఎం పక్కనే ఉండి, అన్నం కంటే అద్దె టెన్షన్ పెట్టే ఇళ్లకు, ఎంచుకునే హక్కు ఇవ్వాలి. ఈ నెల బియ్యం వద్దు, డబ్బు వేయండి అని షాపులో వేలిముద్ర వేసే ఈ-పోస్ మిషన్ దగ్గరే చెప్పగలగాలి. నచ్చకపోతే మూడు నెలల్లో మళ్లీ బియ్యానికి రాగలగాలి. 2022లో ఆంధ్రప్రదేశ్ ఇలాంటి ఐచ్ఛిక పద్ధతిని కొన్నిచోట్ల మొదలుపెడతామని చెప్పి ఆపేసింది. అప్పుడు జనం అడిగిన మొదటి ప్రశ్న, కిలోకు ఎంత ఇస్తారని. రెండోది, ఒకసారి డబ్బు తీసుకుంటే కార్డు తీసేస్తారా అని. ఈ రెండిటికీ జీవోలో రాతపూర్వకంగా జవాబు ఉండేదాకా మా పెద్దమ్మ సంచీ పట్టుకుని షాపుకే వెళ్తుంది.