పర్యావరణానికి, ఇంధనానికి కలిపి ఒకే శాఖా, రెండు శాఖలా?

జర్మనీలోని బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం 2011లో పర్యావరణం, వాతావరణం, ఇంధనం మూడింటినీ ఒకే మంత్రిత్వశాఖ కిందకి తెచ్చింది. గాలిమరలు పెట్టాలన్నా, కాలుష్యాన్ని అదుపు చేయాలన్నా ఒకే చోట మాట్లాడుకోవచ్చు.

మా తమిళనాడులో ఇంధన శాఖ వేరు. 2021లో పేరు మారిన పర్యావరణ, వాతావరణ మార్పు, అటవీ శాఖ వేరు. ఫైళ్లు తిరగడానికే బోలెడు టైమ్ పోతుంది, నిజమే.

కానీ చెన్నైలో ఉన్నవాళ్లు ఒకసారి ఎన్నూరు వెళ్లి చూడండి. థర్మల్ కేంద్రం బూడిద కుశస్థలి నదిలో చేరి, చేపలు పట్టుకుని బతికేవాళ్ల పొట్ట కొట్టింది. ఆ కరెంటు తయారుచేసేది ప్రభుత్వ సంస్థే. దాన్ని నిలదీయాల్సిన కాలుష్య నియంత్రణ మండలి కూడా అదే మంత్రి కింద ఉంటే, ఆ జాలర్లు ఎవరితో మొరపెట్టుకోవాలి? బొగ్గు మీద ఇంతగా ఆధారపడినంత కాలం నా ఓటు రెండు శాఖలకే.