యుద్ధచరిత్ర నుంచి నాయకత్వం నేర్పే రెండు రోజుల వర్క్‌షాప్: ఆరు నెలల తర్వాత నా రివ్యూ

ఆరు నెలల కింద మా కంపెనీ నన్ను ఒక వర్క్‌షాప్‌కి పంపింది. సైన్యంలో రిటైరైన ఒక అధికారి, చరిత్ర పాఠాలు చెప్పే ఒక అధ్యాపకురాలు కలిసి దాన్ని నడుపుతారు. పాత యుద్ధాల్లో, సాహసయాత్రల్లో మనుషుల్ని నడిపినవాళ్లు ఏం చేశారో చూపించి, ఇప్పుడు వ్యాపారాల్లో టీముల్ని నడుపుతున్నవాళ్లకి అందులో పనికొచ్చేది చెప్పడం వాళ్ల ఉద్దేశం. సంస్థ పేరు రాయడం లేదు. కొన్నిచోట్ల గట్టిగానే తప్పుపట్టబోతున్నాను. పైగా ఈ తరహా కోర్సులు చాలా వచ్చాయి, ఏది ఎంచుకునేవాళ్లకైనా ఈ రివ్యూ పనికి రావాలని నా కోరిక. హాల్లోంచి బయటికొచ్చిన రోజు ఎవరికైనా ఊపు ఉంటుంది. అది దిగాక పనిలో ఏం మిగిలిందో చూసి రాద్దామని ఇన్నాళ్లు ఆగాను.

నేను మందుల గోదాం చూసుకుంటాను. మూడు షిఫ్టులు, 42 మంది మనుషులు. చల్లగా ఉంచాల్సిన సరుకు ఒక గదిలో, మిగతాది బయట. మా దగ్గర లారీ ఆలస్యమైతే ఎక్కడో ఒక మంచం మీద ఒకరికి మందు అందదు. అందుకే మార్కెట్ అంటే యుద్ధభూమి, పోటీ కంపెనీ అంటే శత్రువు అనే మాటలు నాకు ఎప్పుడూ గిట్టవు. ఈ కోర్సు కూడా ఆ బాపతే అనుకుంటూ వెళ్లాను.

మొదటి రోజు పొద్దున సరిగ్గా నేను భయపడినట్టే జరిగింది. క్రీ.పూ. 216లో ఇటలీలోని కానే దగ్గర కార్థేజ్ సేనాపతి హన్నిబాల్ రోమన్ సైన్యాన్ని రెండు వైపుల నుంచి చుట్టేసిన తీరు బాణం గుర్తులతో చూపించి, పోటీదారుని ఇలాగే చుట్టుముట్టాలన్నారు. నేను చెయ్యెత్తాను. అంత గెలుపు గెలిచినా రోమ్ లొంగలేదు కదా, చివరికి క్రీ.పూ. 202లో జామా దగ్గర ఓడింది హన్నిబాలే కదా అని అడిగాను. అధ్యాపకురాలు వెంటనే అవునన్నారు. ఒక్క యుద్ధం గొప్పగా గెలవడం వేరు, ఆ గెలుపుతో ఏం సాధించాలో తెలిసి ఉండడం వేరు అని చక్కగా చెప్పారు కూడా. అసలు పాఠం అదే. అది స్లైడులో లేదు. ఎవరైనా అడిగితేనే బయటికొచ్చింది.

ఫైటర్ పైలట్ జాన్ బాయిడ్ చెప్పిన గమనించు, అర్థం చేసుకో, నిర్ణయించు, చెయ్యి అనే చక్రం మీద రెండు గంటలు గడిచాయి. అరగంటలో చెప్పాల్సిన విషయం.

ఇక మధ్యాహ్నం సెషన్. ఈ కోర్సుకి మళ్లీ ఎవరినైనా పంపుతానంటే అది ఆ ఒక్క పూట కోసమే.

1854 అక్టోబర్ 25, క్రిమియాలో బాలక్లావా. టేబుళ్లని పక్కకి పడేసి గుట్టలు చేశారు, మధ్య ఖాళీ జాగా లోయ. బ్రిటిష్ సేనాధిపతి లార్డ్ రాగ్లాన్‌గా ఒకాయన్ని కుర్చీ మీద నిలబెట్టారు. అశ్వికదళం అధిపతి లార్డ్ లూకన్ పాత్ర నాకిచ్చి, రెండు గుట్టల మధ్య నేల మీద కూర్చోమన్నారు. పైనున్నాయనకి పక్క గుట్ట మీద రష్యన్లు లాక్కుపోబోతున్న ఫిరంగులు కనిపిస్తున్నాయి. నాకు టేబుల్ చెక్క కనిపిస్తోంది, అంతే. నాకు కనిపించే ఫిరంగులు ఒక్కటే, లోయ చివర నాకెదురుగా బారుగా పెట్టిన రష్యన్ తోపులు. అప్పుడు చీటీ వచ్చింది. అశ్వికదళం వేగంగా ముందుకు సాగాలి, శత్రువు ఫిరంగులు తీసుకుపోకుండా చూడాలి, వెంటనే. సారాంశం అంతే.

ఏ ఫిరంగులు? ఆ రోజు లూకన్ కూడా చీటీ తెచ్చిన కెప్టెన్ నోలన్‌ని అదే అడిగాడు. నోలన్ చెయ్యి చాచి లోయ వైపు చూపించాడు. లూకన్ ఆ ఆజ్ఞని తన కింద తేలిక అశ్వికదళాన్ని నడిపే లార్డ్ కార్డిగన్‌కి అందించాడు. సుమారు 670 మంది గుర్రపు రౌతులు, మూడు వైపులా తుపాకులున్న లోయలోకి నేరుగా వెళ్లారు. వంద మందికి పైగా చచ్చిపోయారు. మొదట పడినవాళ్లలో నోలన్ ఒకడు.

నేల మీద కూర్చుని చీటీ పట్టుకుంటే తప్ప ఇది ఒంటికి ఎక్కదు. పైనున్నాయన రాసింది ఆయన కంటికి అబద్ధం కాదు. ఆయనకి కనిపిస్తున్నది నాకూ కనిపిస్తోందనుకున్నాడు, అక్కడే తప్పింది.

మర్నాడు పొద్దున అందరినీ ఫోన్లు తీసి, ఈ మధ్య మీ టీముకి పంపిన ఒక ఆదేశం పైకి చదవండన్నారు. నాది చదివాను. "ముందున్న లోడు వెంటనే పంపేయండి, లేటవకూడదు." చదువుతూ ఆగిపోయాను. అంతకు రెండు నెలల ముందు పంపిన మెసేజ్ అది. నేను పై అంతస్తు గదిలో అద్దం దగ్గర నిలబడి టైప్ చేశాను. అక్కడి నుంచి "ముందు" అంటే లోడింగ్ గేటు దగ్గర పేర్చిన ప్యాలెట్లు. మెసేజ్ అందుకున్న రాత్రి షిఫ్టు సూపర్‌వైజర్ చల్లగది తలుపు దగ్గర ఉన్నాడు. అతనికి "ముందు" అంటే శీతల వాహనం కోసం ఆపి ఉంచిన పెట్టెలు. అవి మామూలు లారీలో వెళ్లిపోయాయి. వెనక్కి రప్పించేసరికి పెట్టెల్లోని ఉష్ణోగ్రత సూచికలు రంగు మారిపోయాయి, మొత్తం పారేయాల్సి వచ్చింది. ఆ రోజు అతన్ని అందరి ముందూ మందలించాను. అర్థం కాకపోతే అడగొద్దా అన్నాను.

వర్క్‌షాప్ నుంచి రాగానే చేసిన మొదటి పని, అతన్ని పిలిచి ఆ తప్పు నాది అని చెప్పడం. ఆ షిఫ్టు వాళ్ల ముందే చెప్పాను. అతను కాసేపు ఊరుకుని, "అడుగుదామనే అనుకున్నాను మేడం. మెసేజ్‌లో 'వెంటనే' అని ఉంది" అన్నాడు. రాగ్లాన్ చీటీలో చివరి మాట కూడా అదే.

ఇప్పుడు మా గోదాంలో ఆదేశం ఎలా ఉంటుందంటే: "ఉద్దేశం: రేపు పొద్దున 6 లోపు ఆసుపత్రుల సరుకు చేరాలి. 2వ గేటు దగ్గరున్న 14 ప్యాలెట్లు పంపండి. చల్లగది సరుకు కదపకండి. 4కి లారీ రాకపోతే ఏం చేయాలో మీరే నిర్ణయించండి, నన్ను లేపక్కర్లేదు." రాయడానికి రెండు నిమిషాలు ఎక్కువ పడుతుంది. ఉద్దేశం ముందు చెప్పాలన్న అలవాటు ఈ కోర్సే నేర్పింది. 1806లో జేనా దగ్గర నెపోలియన్ చేతిలో చిత్తయ్యాక ప్రష్యన్ సైన్యం తనని తాను మార్చుకున్న తీరు, తర్వాత ప్రష్యన్ సేనాని మోల్ట్కే కాలానికి కిందిస్థాయి అధికారికి లక్ష్యం చెప్పి దారి అతనికే వదిలే పద్ధతి బలపడిన తీరు వరసగా చెప్పారు. శత్రువుతో తలపడ్డాక ఏ పథకమూ రాసినట్టు సాగదని మోల్ట్కే నమ్మాడు, కాబట్టి పథకం కంటే ఉద్దేశం అందరికీ తెలిసి ఉండాలి.

దీనికి బ్రిటిష్ నౌకాదళ సేనాని నెల్సన్‌ని జోడించడం నాకు బాగా నచ్చింది. 1805 అక్టోబర్ 21న ట్రఫాల్గర్ దగ్గర నెల్సన్ దగ్గర 27 యుద్ధనౌకలు, ఎదురుగా 33. యుద్ధం మధ్యలోనే ఆయనకి తూటా తగిలింది, కొన్ని గంటల్లో పోయాడు. అయినా పని ఆగలేదు, బ్రిటిష్ వైపు ఒక్క నౌక కూడా పోలేదు. ఎందుకంటే కెప్టెన్లందరినీ ముందే కూర్చోబెట్టి ఏం చేయబోతున్నాడో చెప్పాడు. పొగలో జెండాలు కనిపించకపోతే మీ నౌకని శత్రునౌక పక్కకి తీసుకెళ్లండి, అది తప్పు కాదు అని రాసిచ్చాడు కూడా. ఇది విన్నాక నన్ను నేను పరీక్షించుకున్నాను. మూడో నెలలో నాలుగు రోజులు సెలవు పెట్టి ఫోన్ ఆపేశాను. తిరిగొచ్చాక చూస్తే రెండు నిర్ణయాలు నేనైతే వేరేగా తీసుకునేదాన్ని. కానీ రెండూ సరుకుని సమయానికి చేర్చాయి. ఇంతకుముందు అదే నాలుగు రోజుల్లో కనీసం ఇరవై ఫోన్లు వచ్చేవి.

రెండో ప్రపంచయుద్ధంలో బర్మా వైపు బ్రిటిష్ సైన్యాన్ని నడిపిన విలియం స్లిమ్ గురించి చెప్పింది తక్కువ సేపే అయినా మర్చిపోలేను. 1943లో గాయపడి వెనక్కి పంపిన ఒక్కో సైనికుడికి 120 మంది జబ్బుతో వెనక్కి వెళ్లేవారని స్వయంగా స్లిమ్ చెప్పిన లెక్క. ముఖ్యంగా మలేరియా. మెపాక్రిన్ మాత్రలు ఇచ్చినా, వాటి మీద పుకార్ల వల్ల సైనికులు మింగేవారు కాదు. స్లిమ్ దళాలకి హఠాత్తుగా పరీక్షలు చేయించాడు. వందలో 95 మంది ఒంట్లో మందు కనిపించకపోతే సైనికుణ్ణి కాదు, ఆ దళం అధికారిని తీసేశాడు. ముగ్గుర్ని తీసేసేసరికి మిగతావాళ్లకి అర్థమైంది. మా దగ్గర నడుం నొప్పితో సెలవులు ఎక్కువ. ట్రాలీలున్నా బరువులు చేత్తో ఎత్తేవారు, వాళ్లనే తిట్టేదాన్ని. ఇప్పుడు ట్రాలీ వాడించే బాధ్యత షిఫ్టు సూపర్‌వైజర్లది. చక్రాలు విరిగిన ట్రాలీలు ఆరు ఉన్నాయని వాళ్లు చెప్పాకే తెలిసింది, బాగుచేయించే బాధ్యత నాది.

ఇక తప్పులు. ధ్రువయాత్రికుడు షాకిల్టన్ గురించిన సెషన్ నాకు నిజంగా కోపం తెప్పించింది. 1915లో అంటార్కిటికా మంచులో ఎండ్యూరెన్స్ నౌక నలిగిపోయినా అందులోని 28 మందీ బతికి బయటపడ్డారు, అది నిజం. కానీ "ఆ యాత్రలో ఒక్క ప్రాణం కూడా పోలేదు" అన్నారు. అదే యాత్రలో ఖండానికి రెండో వైపు నుంచి ఆహార నిల్వలు పేర్చడానికి వెళ్లిన రాస్ సముద్ర బృందంలో ముగ్గురు చనిపోయారు. నాయకుడు కళ్లెదుట లేని రెండో బృందం అది. షిఫ్టులు నడిపే నాలాంటి వాళ్లకి అసలు చూపించాల్సింది వాళ్ల కథే. దానికి తోడు ప్రమాదకరమైన ప్రయాణానికి మనుషులు కావాలి, జీతం తక్కువ అంటూ షాకిల్టన్ ఇచ్చాడని చెప్పే ప్రకటన స్లైడు మీద పెద్ద అక్షరాలతో వేశారు. ఆ ప్రకటన అచ్చయిన పత్రిక ప్రతి ఎవరికీ ఇంతవరకు దొరకలేదు. చరిత్ర చెప్పి డబ్బు తీసుకునేవాళ్లు ఇంత తేలిగ్గా ఉండకూడదు. విరామంలో చెబితే అధికారిగారు మర్యాదగానే రాసుకున్నారు. స్లైడు మార్చారో లేదో.

ఇంకో లోటు పెద్దది. సైనికుడు రాజీనామా పత్రం పెట్టి మర్నాడు ఇంటికి వెళ్లిపోలేడు, మా వాళ్లు వెళ్లగలరు. అతను ప్రాణం పణంగా పెట్టి మాట వింటాడు, మా వాళ్లు జీతానికి, గౌరవానికి వింటారు. సైన్యం పద్ధతి ఏది ఇక్కడ పనిచేస్తుంది, ఏది చెడగొడుతుంది అన్నదానికి ఒక పూట కేటాయించాల్సింది. రెండు రోజుల్లో పది నిమిషాలు కూడా ఇవ్వలేదు. నా పక్కన కూర్చున్న అమ్మకాల మేనేజర్ ఒకాయన టీముకి దండు అని పేరు పెడతానంటూ సంబరంగా వెళ్లాడు. ఆ టీము గురించి నాకు దిగులేసింది.

పని జరిగాక చేసే సమీక్ష మాత్రం కచ్చితంగా నేర్చుకోండి. అమెరికా సైన్యం 1980లలో కాలిఫోర్నియాలోని ఫోర్ట్ ఇర్విన్ శిక్షణ కేంద్రంలో దీన్ని గట్టిగా అలవాటు చేసింది. ఏం జరగాలనుకున్నాం, ఏం జరిగింది, తేడా ఎందుకొచ్చింది, ఈసారి ఏది ఉంచాలి, ఏది మార్చాలి. హోదా పక్కనపెట్టి మాట్లాడాలి. నేను ప్రతి గురువారం షిఫ్టు మారే వేళ ఇరవై నిమిషాలు మొదలుపెట్టాను. మొదటి రెండు వారాలు ఎవరూ నోరు విప్పలేదు, ఎందుకంటే నేనే ముందు మాట్లాడాను. కోర్సులో ఇచ్చిన పుస్తకం మళ్లీ తీసి చూస్తే, పెద్దవాళ్లు చివర్లో మాట్లాడాలి, అదీ తమ తప్పుతో మొదలుపెట్టాలి అని ఉంది. మూడో వారం అలాగే చేశాను. లోడింగ్ చేసే కుర్రాడొకడు లేచి, రెండో గేటు దగ్గర లైటు పోయి నెలైంది, చీకట్లో లేబుళ్లు చదవలేకపోతున్నాం అన్నాడు. నెల రోజులుగా తప్పు సరుకు ఎక్కడం మీద నేను రాసిన మెమోలు అన్నీ ఆ లైటు కింద చదవాల్సినవే.

కోర్సు తర్వాతి సేవ బాగాలేదు. మూడు నెలలకి ఒకసారి ఫోన్ చేసి పలకరిస్తామన్నారు. రెండుసార్లు గుర్తుచేస్తే అయిదో నెలలో చేశారు. చేసిన అధికారిగారు మాత్రం నలభై నిమిషాలు ఓపిగ్గా విన్నారు, మా ఆదేశాల నమూనా చదివి "మీరే నిర్ణయించండి" అన్న వాక్యం ఇంకా పైకి తెమ్మన్నారు. తెచ్చాను.

అయిదుకి మూడున్నర ఇస్తాను. షిఫ్టుల్లో, వేర్వేరు చోట్ల పనిచేసే మనుషుల్ని నడిపేవాళ్లు వెళ్లండి. అమ్మకాలకి ఊపు కోసమైతే వద్దు. వెళ్లేవాళ్లు ఒక్క పని చేయండి: గొడవకి దారితీసిన మీ పాత మెసేజ్ ఒకటి, దాన్ని ఎక్కడ నిలబడి పంపారో, అందుకున్నవాళ్లు ఎక్కడ ఉన్నారో రాసుకుని వెంట తీసుకెళ్లండి. రెండో రోజు పొద్దున అదే అడుగుతారు.